తొమ్మిదో ఇల్లు: అమ్మబోమన్న వారి ప్రశ్నలు

ఇంటి స్థలాన్ని బిల్డరుకు అమ్మేటప్పుడు ఒప్పందంలో చూసుకోవలసిన అంశాలను గత సంచికలో ఈ శీర్షిక కింద వివరించాము. దానికి స్పందనగా వచ్చిన ఉత్తరాలు చదువుతూ ఉంటే, రాసినవారిలో చాలామందికి అసలు ఒప్పందంతో పనే లేదని తెలిసింది. వారు అమ్మదలచుకోలేదు. అమ్మకపోతే ఏమవుతుంది, ఎంతకాలం ఆగగలం, ఆగడం తప్పా అన్నవే వారి సందేహాలు. కనుక ఈసారి శీర్షిక మొత్తం వారికే కేటాయిస్తున్నాము. కుటుంబ వ్యవహారాలు ఉన్నందున ఎవరి పేరూ, ఎవరి ఊరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా వరుసలో ఉన్న తొమ్మిది ఇళ్లలో ఎనిమిదింటిని ఒకే బిల్డరు కొన్నాడు. మిగిలింది నాది ఒక్కటే. నాకు డెబ్బై నాలుగేళ్లు, పిల్లలు దూరాన ఉన్నారు. ప్రతి వారం ఎవరో ఒకరు వచ్చి కొంత ధర పెంచి చెప్పి వెళుతున్నారు. నాకు అమ్మాలని లేదు, కానీ ఎందుకు లేదని అడిగితే సరిగా చెప్పలేకపోతున్నాను. ‘ఇంత డబ్బు కాదన్నవాళ్లను నేను ఎక్కడా చూడలేదమ్మా’ అని మధ్యవర్తి అంటున్నాడు. నాది ఉత్త మొండితనమేనా?

జవాబు: మధ్యవర్తి చూడలేదేమో గాని, మీకు ముందు అలా కాదన్నవారు చాలామందే ఉన్నారమ్మా. అమెరికాలోని సియాటిల్ నగరంలో, బాలర్డ్ అనే పేటలో, ఈడిత్ మేస్‌ఫీల్డ్ అనే వృద్ధురాలికి ఒక చిన్న పాత ఇల్లు ఉండేది. చుట్టుపక్కల స్థలాలన్నీ ఒక వాణిజ్య సముదాయం కోసం అమ్ముడుపోయాక, 2006లో ఆమెకు దాదాపు పది లక్షల డాలర్లు ఇవ్వజూపారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆమె వద్దన్నారు. నిర్మాణదారులు ఆ ఇంటిని మధ్యలో వదిలి, మూడు పక్కలా ఐదు అంతస్తుల ఎత్తున గోడలు లేపారు. ఆమె 2008 జూన్‌లో, 86వ ఏట, ఆ ఇంట్లోనే కన్నుమూశారు. ఆమెను ప్రగతి నిరోధకురాలిగా, లేదా పెట్టుబడిని ఎదిరించిన వీరనారిగా చిత్రించినవారు ఎందరో ఉన్నారు. ఆమెకు ఆ రెండు బిరుదులతోనూ పని లేదు. డబ్బు అక్కర లేదని, ఈ వయసులో ఇల్లు మారే ఓపిక లేదని మాత్రమే ఆమె చెప్పారు. మీరు వెతుకుతున్న ‘సరైన జవాబు’ బహుశా ఇంతకంటే పెద్దదేమీ కానక్కర లేదు.

కొనడానికి వచ్చినవారికి మీరు కారణం చెప్పనవసరం లేదు. పైగా చెప్పకపోవడమే మేలు, ఎందుకంటే చెప్పిన ప్రతి కారణాన్నీ వారు బేరానికి ఒక పిడిగా పట్టుకుంటారు. ‘మెట్లు ఎక్కలేను, అందుకే ఈ ఇల్లు వదలను’ అంటే మరుసటి వారం లిఫ్టు ఉన్న ఫ్లాటు కాగితాలతో వస్తారు. అయితే ఆ కారణం మీకు మీరైనా చెప్పుకోవాలి. ఒక చిన్న పరీక్ష ఉంది. ఇప్పుడు చెబుతున్న ధరకు రెండింతలు, ఆ తరువాత ఐదింతలు అనుకుని చూడండి. ఎక్కడో ఒకచోట మీ మనసు ఆగి లెక్కలు వేయడం మొదలుపెడితే మీ ఇల్లు అమ్మకానికి ఉన్నట్టే, బేరం ఇంకా కుదరలేదు, అంతే. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఎంతవరకు వెళ్లినా మనసు ఆగకపోతే, మీది వేరే రకమైన ‘కాదు’. బయటివారికి రెండూ ఒకే మొండితనంలా కనబడతాయి గాని, చేయవలసిన పనులు రెండింటికీ పూర్తిగా వేరు.

మీది రెండో రకమే అనుకుని రాస్తున్నాను. అమ్మడం లేదని ఒక్కసారి, తేదీ వేసి, కాగితం మీద రాసి పంపండి. ఇకపై ఏదైనా ఉత్తరం ద్వారానే తెలపమని అందులోనే కోరండి. మేము వచ్చినట్టు గుర్తుకు మాత్రమే అంటూ ఏ కాగితం మీద సంతకం అడిగినా చేయకండి; ఎంత చిన్న మొత్తమైనా చేతికి తీసుకోకండి, అది అడ్వాన్సుగా మారిపోగలదు. వారు వచ్చే సమయానికి మీకు నమ్మకమైన మనిషి ఒకరు పక్కన ఉండేలా చూసుకోండి. వీలునామా రాయకపోతే ఈ నెలలోనే రాయండి. మీ ‘కాదు’ మీ తరువాత కూడా నిలవాలా, లేక మీ జీవితకాలానికి మాత్రమేనా అన్నది పిల్లలు ఊహించుకోవలసిన విషయం కాకూడదు.

వైద్యానికో మరొకదానికో డబ్బు అవసరమై, ఇల్లు మాత్రం వదలలేని పరిస్థితి ఉంటే, బతికినంతకాలం నివసించే హక్కు అట్టిపెట్టుకుని ఇంటిని అమ్మే పద్ధతి కొన్ని దేశాలలో ఉంది. ఫ్రాన్సులో ఇది బాగా పాతది; కొన్నవారు అమ్మినవారికి నెలనెలా కొంత సొమ్ము జీవితాంతం ఇస్తారు. జాన్ కల్మాఁ అనే ఆమె 1965లో, తన తొంబయ్యో ఏట, ఒక నోటరీతో నెలకు 2,500 ఫ్రాంకులకు ఇలాంటి ఒప్పందమే చేసుకున్నారు. ముప్పై ఏళ్లు చెల్లించి ఆ నోటరీ 1995లో చనిపోయాడు. ఆమె 1997 దాకా, 122 ఏళ్లు బతికారు. చివరి రెండేళ్లూ అతని కుటుంబమే చెల్లించింది. మీ దగ్గరకు వస్తున్న బిల్డరుకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అతనికి స్థలం ఇప్పుడే కావాలి. తొందర లేని కొనుగోలుదారుతోనే ఇది కుదురుతుంది.

ప్రశ్న: మాకు అమ్మడానికి అభ్యంతరం లేదు. చివరిదాకా ఆగినవారికే ఎక్కువ ధర వస్తుందని అందరూ అంటున్నారు. ఎంతవరకు నిజం?

జవాబు: సగం నిజం. ఆ మిగతా సగం తెలియకే చాలామంది నష్టపోతారు.

పది ముక్కలుగా ఉన్న స్థలాన్ని ఒకటి చేస్తే, ఆ పది ముక్కల విలువల మొత్తం కంటే ఎక్కువ విలువ పుడుతుంది. ఆ అదనపు విలువ చివరి ముక్క చేతికి వచ్చేదాకా పుట్టదు, కాబట్టి చివరి ముక్క యజమాని అందులో పెద్ద వాటా అడగగలడు. ఈ భయంతోనే పెద్ద సంస్థలు రహస్యంగా కొంటాయి. 1960ల నడుమ ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ వేరు వేరు పేర్లున్న చిన్న కంపెనీల ద్వారా దాదాపు 27,000 ఎకరాలు సేకరించింది. 1965లో అసలు కొంటున్నది ఎవరో ఒక పత్రిక బయటపెట్టగానే మిగిలిన భూముల ధరలకు రెక్కలొచ్చాయి.

చివరిదాకా ఆగి గెలిచినవారికి న్యూయార్కులోని 34వ వీధి, బ్రాడ్‌వే మూల మంచి ఉదాహరణ. మేసీస్ దుకాణం 1902లో అక్కడికి తరలివచ్చే ముందు, దానితో పోటీపడుతున్నవారి తరఫున అని చెబుతారు, ఒక వ్యాపారి ఆ మూల స్థలాన్ని 3,75,000 డాలర్లకు కొనేశాడు. మేసీస్ అతనితో బేరం కుదుర్చుకోకుండా, మూలను వదిలి దాని చుట్టూ కట్టుకుపోయింది. ఆ మూల 1911లో పది లక్షల డాలర్లకు చేతులు మారింది. అప్పటికి అది కళ్లు తిరిగే ధర. ఆ మూలకు ‘మిలియన్ డాలర్ కార్నర్’ అన్న పేరు అలా వచ్చింది. అయితే ఒక సంగతి గమనించండి. ఆ ధర పెట్టి కొన్నది మేసీస్ కాదు. మేసీస్ ఆ మూల లేకుండానే తన పని కానిచ్చుకుంది.

బేరంలో అసలు కీలకం అదే. ఎనిమిది స్థలాలు కొన్న బిల్డరు ఆ సొమ్ము మీద వడ్డీ కడుతూ ఉంటాడు. మీ కోసం ఎదురుచూసే ప్రతి నెలా అతనికి ఖర్చే. మీ బలం అక్కడ ఉంది. కానీ ఆ వడ్డీ మీకు ఇవ్వవలసిన అదనపు ధరను మించబోతున్నదని తోచిన రోజున, అతను మీ స్థలాన్ని వదిలి కొత్త ప్లాన్ గీయిస్తాడు. దానికి అనుమతి వచ్చాక మీ స్థలం పెద్ద స్థలంలో చివరి ముక్క కాదు, ఎత్తైన గోడల మధ్య ఎండ తగలని ఒక పాత ఇల్లు మాత్రమే. అది సాధారణ ధరకు కూడా కొంత తక్కువే పలకవచ్చు. ఈ మార్పు మీకు ఎవరూ చెప్పరు. వారం వారం వచ్చే మనిషి రావడం మానేస్తాడు, అంతే.

అట్లాంటిక్ సిటీలో వెరా కోకింగ్ అనే ఆమె కథ ఇందుకు నిదర్శనం. 1961లో కొన్న ఆమె ఇంటికి తరువాతి రోజుల్లో ఒక కాసినో నిర్మాత పది లక్షల డాలర్లు ఇవ్వజూపాడు. ఆమె కాదనేసరికి, అతను ఆ మూడంతస్తుల ఇంటి మీదుగా ఉక్కు దూలాలు ఎత్తి నిర్మాణం మొదలుపెట్టాడు. డబ్బు చాలక పని మధ్యలో ఆగిపోయింది. ఆ ఇనుప పంజరం తుప్పు పడుతూ ఏళ్ల తరబడి ఆమె కప్పు మీద అలాగే నిలిచి ఉంది. ఆ తరువాత డొనాల్డ్ ట్రంప్ తన కాసినో కోసం అదే స్థలం కోరారు, ఆమె ఆయనకూ ఇవ్వలేదు. చివరకు 2014లో ఆ ఇల్లు వేలంలో 5,30,000 డాలర్లకు పోయింది. నష్టపోయిందని అనకండి, దశాబ్దాలపాటు ఆమె తనకు నచ్చిన ఇంట్లో ఉంది, దాని ఖరీదు ఈ లెక్కలోకి రాదు. కానీ ధర కోసమే ఆగుతున్నవారు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

కనుక ధర కోసం ఆగేవారు మొదటే రెండు విషయాలు రాసి పెట్టుకోవడం మంచిది: ఎంత వస్తే ఇస్తారు, ఏ తేదీ వరకు ఆగుతారు. ఆ తేదీకి ఆధారం బిల్డరు మాట కాదు, ప్లాన్ అనుమతి కోసం అతను పెట్టుకున్న దరఖాస్తు. చాలా చోట్ల అది ఎవరైనా చూడగల పత్రమే. దానిలో మీ స్థలం ఉందో లేదో స్వయంగా చూడండి.

ప్రశ్న: మేము ఒప్పుకోకపోతే ప్రభుత్వం ద్వారా లాక్కుంటామని బిల్డరు మనిషి బెదిరిస్తున్నాడు. ఒక ప్రైవేటు వ్యక్తి లాభం కోసం ప్రభుత్వం మా ఇల్లు తీసుకోగలదా?

జవాబు: ఇది కేవలం బెదిరింపే అయి ఉండే అవకాశం ఎక్కువ. కానీ గాలి కబురని కొట్టిపారేయడానికి లేదు. ప్రజా ప్రయోజనం కోసం, పరిహారం చెల్లించి, యజమాని ఇష్టంతో పని లేకుండా భూమి తీసుకునే అధికారం దాదాపు ప్రతి దేశంలోనూ ప్రభుత్వానికి ఉంటుంది. రోడ్డు, రైలు, ఆసుపత్రి అయితే తగాదా తక్కువ. హోటళ్లు, కార్యాలయాలు, ఖరీదైన ఇళ్లు కూడా ఉద్యోగాలు తెస్తాయి, పన్నులు తెస్తాయి గనుక అవి ప్రజా ప్రయోజనమేనా అన్నదే అసలు చిక్కు.

ఈ చిక్కు మీద అమెరికా సుప్రీంకోర్టు 2005లో, కెలో కేసులో, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు ఇచ్చింది. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ పట్టణం ఒక పేటను ఖాళీ చేయించి, ఫైజర్ మందుల సంస్థ పరిశోధన కేంద్రం పక్కన కొత్త నిర్మాణాలు తేవాలనుకుంది. ఆర్థికాభివృద్ధి కూడా ప్రజా ప్రయోజనమేనని కోర్టు చెప్పింది, ఇంటివారు ఓడిపోయారు. ఇళ్లు కూల్చారు. అనుకున్న నిర్మాణాలు మాత్రం రాలేదు. 2009లో ఫైజర్ ఆ ఊరి నుంచి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది, ఆ నేల ఏళ్లపాటు బీడుగా పడి ఉంది. ఈ తీర్పు మీద ఎంత నిరసన వచ్చిందంటే, ఆ తరువాత నలభైకి పైగా రాష్ట్రాలు తమ చట్టాలను ఏదో ఒక మేరకు మార్చుకున్నాయి. ఒక కార్ల కర్మాగారం కోసం డెట్రాయిట్‌లో ఒక పేట మొత్తాన్ని తీసుకోవడాన్ని 1981లో సమర్థించిన మిషిగన్ అత్యున్నత న్యాయస్థానం, 2004లో తానే ఆ సూత్రం తప్పని తేల్చింది. పై జవాబులో చెప్పిన అట్లాంటిక్ సిటీ ఇంటిని కూడా ఒక ప్రభుత్వ సంస్థ కాసినో కోసం తీసుకోబోతే, 1998లో న్యాయమూర్తి అడ్డుకున్నారు.

మన దేశంలో 2013 నాటి భూసేకరణ చట్టం ఈ విషయంలో ఒక గీత గీసింది. ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునేటప్పుడు భూమి కోల్పోయే కుటుంబాలలో కనీసం 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య పథకాలకు 70 శాతం ముందుగా ఒప్పుకోవాలి. ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు తమ వరకు సవరణలు చేసుకున్నాయి కనుక, అప్పటికి అమలులో ఉన్న నిబంధన ఏమిటో చూసుకోవాలి.

మీరు చేయవలసిందల్లా ఆ బెదిరింపును కాగితం మీద అడగడం. నిజంగా సేకరణ జరుగుతుంటే నోటీసు వస్తుంది. రాకపోతే అది మాటే. నోటీసు వచ్చినప్పుడు మాత్రం తీసుకోననకండి. తీసుకోనందువల్ల నోటీసు చెల్లకుండా పోదు, అభ్యంతరం చెప్పుకునే గడువు మాత్రం దాటిపోతుంది. ప్రయోజనం మీద ఒక అభ్యంతరం, పరిహారం మీద మరొకటి విడివిడిగా రాయండి. మొదటిదానిలో గెలుస్తామన్న ధీమాతో రెండోదాన్ని వదిలేసి నష్టపోయినవారు ఉన్నారు. పరిహారం పుచ్చుకోక తప్పకపోతే, అభ్యంతరం తెలుపుతూనే తీసుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టండి.

ప్రశ్న: మాది స్థలం కాదు, పాత అపార్టుమెంటులో ఒక ఫ్లాటు. అందరూ అమ్ముతామంటున్నారు, నేను ఒక్కడినే వద్దంటున్నాను. నా ఒక్కడి మాటకు విలువ ఉంటుందా?

జవాబు: స్థలం యజమానికి ఉన్నంత ఉండదు. ఫ్లాటులో గోడల లోపలిది మీదే గాని నేల అందరిదీ. సింగపూరులో 1999 నుంచి ఉన్న నియమం ప్రకారం, కట్టి పదేళ్లు దాటిన భవనంలో 80 శాతం, పదేళ్లు నిండని దానిలో 90 శాతం వాటాదారులు ఒప్పుకుంటే మొత్తం భవనాన్ని అమ్మవచ్చు. మిగిలినవారు అభ్యంతరం చెప్పుకోవచ్చు గాని వారి ఒక్క ‘కాదు’తో అమ్మకం ఆగదు. హాంకాంగ్‌లోనూ ఇటువంటి చట్టమే ఉంది. మీ చోట అటువంటి నియమం ఉందా, ఉంటే ఎంత శాతం అన్నది మొదట తెలుసుకోండి. ఉన్నట్టయితే మీ శక్తినంతా అమ్మకాన్ని ఆపడం మీద పెట్టకుండా, కొత్త భవనంలో మీకు వచ్చే వాటా మీద, ఈలోగా ఉండడానికి చోటు మీద పెట్టడమే తెలివైన పని.

ప్రశ్న: ఎంత చిన్న స్థలమైనా పట్టా ఉంటే పట్టుకుని కూర్చోవచ్చా?

జవాబు: న్యూయార్కులో ఏడో అవెన్యూ విస్తరణ కోసం హెస్ కుటుంబపు ఐదంతస్తుల భవనాన్ని నగరపాలకులు తీసుకుని కూల్చారు. సర్వేలో పొరపాటున దాదాపు 500 చదరపు అంగుళాల ముక్కోణపు ముక్క వారి పేరనే మిగిలిపోయింది. అంటే పరిచిన వార్తాపత్రికంత కూడా లేదు. దానిని దానంగా ఇవ్వమని నగరం అడిగితే వారు ఇవ్వలేదు. 1922లో ఆ ముక్క మీద, ఇది హెస్ వారి ఆస్తి, ప్రజల ఉపయోగానికి ఎన్నడూ ఇచ్చింది కాదు అని చిన్న రాతి పలకలతో రాయించారు. 1938లో పక్కనున్న పొగాకు దుకాణం దానిని వెయ్యి డాలర్లకు కొన్నది, రాత మాత్రం ఇప్పటికీ కాలిబాటలో ఉంది. కూర్చోవచ్చు, కానీ నిలబడే కూర్చోవాలి.

ప్రశ్న: మా నాన్నగారి ఇల్లు నాకూ మా తమ్ముడికీ చెరి సగం. నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను, అమ్మను. తమ్ముడు తన వాటా బిల్డరుకు అమ్ముతానంటున్నాడు. ఆపగలనా?

జవాబు: ఈ ఉత్తరానికే అందరికంటే ముందు జవాబు ఇవ్వవలసింది, ఎందుకంటే ఆస్తి పంచుకోని ఇళ్లు ఎక్కువగా చేజారేది ఈ దారినే. బిల్డరు మీతో మాట్లాడడు. దూరాన ఉండి, ఇంటితో సంబంధం తెగిన వాటాదారును వెతికి అతని వాటా కొంటాడు. మరునాటి నుంచి అతను కూడా మీ ఇంట్లో భాగస్వామి. భాగస్వామికి విభజన దావా వేసే హక్కు ఉంటుంది. ఇల్లు రెండు ముక్కలుగా పంచడానికి వీలుకాదు గనుక, అమ్మి సొమ్ము పంచమని కోర్టు ఆదేశించే అవకాశం ఉంది. ఆ వేలంలో పాడుకోగలిగేది ఎవరో చెప్పనక్కర లేదు. అమెరికాలో నల్లజాతి రైతు కుటుంబాలు తరతరాల భూమిని ఈ పద్ధతిలో పెద్ద ఎత్తున పోగొట్టుకున్నాయి. అందుకే 2010లో అక్కడ ఒక నమూనా చట్టం తయారైంది. వేలానికి ముందు నిష్పాక్షికంగా విలువ కట్టించాలని, అమ్మమని కోరినవారి వాటాను కొనుక్కునే అవకాశం మిగిలినవారికి మొదట ఇవ్వాలని అది చెబుతుంది. తరువాత అనేక రాష్ట్రాలు దానిని ఆమోదించాయి.

మీకు నా సలహా: తమ్ముడితో పోట్లాడకండి, అతని వాటా మీరే కొనండి. సొమ్ము ఒక్కసారి లేకపోతే వాయిదాల మీద రాసుకోండి. బిల్డరు ఇస్తానన్న ధర కంటే కొంత తగ్గినా ఇంటివారికి ఇవ్వడానికి తమ్ముడు ఒప్పుకోవచ్చు, కానీ సగానికి ఇవ్వమని అడిగితే ఒప్పుకోడు, ఒప్పుకోనందుకు అతన్ని తప్పుపట్టలేము. అక్కడే ఉంటున్న మీకు ఆ ఇల్లు నివాసం. అతనికి మాత్రం అది చేతికి రాని ఆస్తి. ఇన్నేళ్లుగా మీరు అద్దె లేకుండా ఉంటున్న సంగతి అతను నోరు విప్పి అనకపోయినా లెక్కలో పెట్టుకునే ఉంటాడు, కనుక ఆ మాట మీరే ముందు ఎత్తడం మంచిది.

ప్రశ్న: మేము అమ్మలేదు. మా రెండు పక్కలా పునాదులు తవ్వుతున్నారు. వంటింటి గోడ మీద పగులు కనబడింది. బిల్డరును అడిగితే అది పాత పగులే అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: పాతదా కొత్తదా అన్న తగాదా రాకుండా ఉండాలంటే, తవ్వకం మొదలుకాక ముందే ఇల్లంతా తేదీ పడేలా ఫొటోలు తీయించి, ఒక ఇంజినీరు చేత ఇంటి స్థితి మీద నివేదిక రాయించి, దాని ప్రతిని బిల్డరుకు పంపి ఉండవలసింది. ఈ శీర్షిక చదువుతున్న మిగిలినవారైనా ఆ పని చేయండి. మీ విషయంలో ఆ అదను దాటింది, అయినా ఆలస్యం కాలేదు.

ఈ రోజే ఒక పెన్సిలు తీసుకుని, పగులు రెండు కొసలు ఎక్కడ ఆగాయో అక్కడ అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేయండి. పగులు అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట, సన్నని గాజు పలకను రెండు వైపులా ప్లాస్టరుతో గోడకు అతికించండి. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పుటుక్కున విరుగుతుంది. ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న పాత పద్ధతి ఇది, ఖర్చు దాదాపు ఏమీ లేదు. వారానికి ఒకసారి అదే చోట నిలబడి, పక్కన ఒక కొలబద్ద పెట్టి ఫొటో తీయండి. గాజు విరిగిన రోజున మీ మాట వాదనగా ఉండదు, సాక్ష్యం అవుతుంది. తలుపులు ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, గచ్చు ఒక పక్కకు వాలడం, ప్రహరీకి నేలకు మధ్య సందు ఏర్పడడం కూడా మట్టి జారుతున్న గుర్తులే. అవి కనబడితే ఫొటోలతో సరిపెట్టుకోకుండా, పని ఆపి మట్టికి దన్ను కట్టమని అనుమతి ఇచ్చిన కార్యాలయానికి వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

పగుళ్లు కనబడతాయి. కనబడని నష్టాలు వేరే ఉన్నాయి. మీ వాననీరు ఇంతవరకు పక్కవారి స్థలం గుండా పోతూ ఉంటే, మీ దారి ఎవరి స్థలంలో నుంచో ఉంటే, వాటికి కాగితం ఉందా? పాత ఇరుగుపొరుగు మధ్య నోటిమాటగా నడిచినవన్నీ కొత్త యజమాని గోడ లేపగానే ఆగిపోతాయి. చాలాకాలంగా వాడుకలో ఉన్న దారికి, నీటికి హక్కు చాలా దేశాల చట్టాలలో ఉంది గాని, గోడ లేచాక దానిని నిరూపించడం కంటే, లేవకముందు నోటీసు ఇవ్వడం తేలిక. ఇంకొకటి, చుట్టుపక్కల విలువ పెరిగితే ఇంటి పన్ను కూడా పెరగవచ్చు. అమ్మకుండా నిలిచినవారిని చివరికి కదిలించింది బిల్డరు కాదు, పన్ను రసీదు అన్న సందర్భాలు ఉన్నాయి. రాబోయే పదేళ్ల ఖర్చులో దానిని కూడా వేసుకోండి.

ప్రశ్న: నేను చిన్న బిల్డరుని. మీ శీర్షికలో మా వైపు నుంచి ఎవరూ మాట్లాడరు. ఆరు స్థలాలు కొన్నాను, ఏడో ఇంటి పెద్దాయన ఇవ్వనంటున్నారు. నేను అన్యాయం ఏమీ చేయలేదు, అయినా వీధిలో విలన్‌లా చూస్తున్నారు. ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించలేకపోవచ్చు అన్నదాని నుంచి మొదలుపెట్టండి. స్థలాలు కొనకముందే, ఆ ఇల్లు ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి అని రెండు ప్లాన్లు గీయించుకుని ఉంటే ఇప్పుడు ఈ ఆదుర్దా ఉండేది కాదు. 1930లలో న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ సెంటర్ కట్టినప్పుడు ఆరో అవెన్యూ వైపు రెండు మూలల్లో రెండు చిన్న భవనాలు చేతికి రాలేదు. వాటిలో ఒకటి మామూలు సారా దుకాణం. రాక్‌ఫెల్లరు అంతటివాడు వాటిని వదిలి, మధ్యలో తన ఆకాశహర్మ్యం కట్టుకున్నాడు. మరోవైపు, లండన్ మైల్ ఎండ్ రోడ్డులో 1927లో విక్‌హామ్స్ అనే పెద్ద దుకాణం స్తంభాల వరుసతో రాజభవనంలా లేస్తున్నప్పుడు, నడుమ ఉన్న ఒక నగల దుకాణం కుటుంబం కదలలేదు. ఎప్పటికైనా అమ్ముతారులే అన్న నమ్మకంతో రెండు వైపులా కట్టేశారు. భవనం ముఖభాగం మధ్యలో పన్ను ఊడినట్టు ఒక సందు మిగిలింది. పెద్ద దుకాణం 1960లలో మూతబడింది. నగల దుకాణం ఆ తరువాత కూడా చాలా ఏళ్లు నడిచింది.

చైనాలో ఇలాంటి ఇళ్లను ‘మేకు ఇళ్లు’ అంటారు, సుత్తికి లొంగని మేకు అన్న అర్థంలో. 2007లో ఛోంగ్‌చింగ్ నగరంలో ఒక జంట ఇంటి చుట్టూ పది మీటర్ల లోతున తవ్వేశారు. కరెంటు తీశారు, నీళ్లు ఆపారు. ఆ భర్త మట్టి దిబ్బ ఎక్కి ఇంట్లోకి చేరి, పైకప్పు మీద జెండా ఎగరేశాడు. భార్య కింద నిలబడి విలేకరులతో మాట్లాడింది. దిబ్బ మీద నిలిచిన ఆ ఇంటి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఏప్రిల్‌లో వారు మరోచోట ఇల్లు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. వారిని కదిలించడానికి ఆ గొయ్యి ఎంత ఉపయోగపడిందో తెలియదు గాని, నిర్మాణ సంస్థ పేరు చెడడానికి మాత్రం బాగా ఉపయోగపడింది. మీరు అంత దూరం వెళతారని కాదు. నీటి గొట్టం ‘పొరపాటున’ తెగడం, రాత్రిపూట యంత్రాలు నడపడం, దారిలో ఇసుక పోయడం వంటివి మీ మనుషులు మీకు చెప్పకుండానే చేస్తూ ఉండవచ్చు. వీధిలో మిమ్మల్ని ఎందుకు అలా చూస్తున్నారో ముందు వారినే అడగండి.

పెద్దాయన దగ్గరకు మధ్యవర్తిని కాకుండా మీరే వెళ్లండి. ఏ తేదీకి ప్లాన్ ఖాయం చేస్తారో, ఆ తరువాత ఈ ధర ఉండదని, అది బెదిరింపు కాదని నేరుగా చెప్పండి. ఆయన వద్దంటే ఆ తరువాత ధర ప్రస్తావన తేకండి. తవ్వకానికి ముందు ఆయన ఇంటి గోడలు మీ ఖర్చుతోనే ఫొటోలు తీయించి, ఒక ప్రతి ఆయనకు ఇవ్వండి. మీ ఫోన్ నంబరు ఇవ్వండి.

మొదటి జవాబులో చెప్పిన సియాటిల్ వృద్ధురాలికి కూడా, చుట్టూ జరుగుతున్న పనిని పర్యవేక్షించే బ్యారీ మార్టిన్ అనే అతను, చప్పుడుతో ఇబ్బంది అవుతుందని ముందే చెప్పి తన నంబరు ఇచ్చాడు. ఒకరోజు ఆమె ఫోన్ చేసి, జుట్టు కత్తిరించుకోవడానికి తీసుకువెళతావా అని అడిగింది. తరువాత ఆసుపత్రికి, ఆ తరువాత మందులకు, చివరికి ఆమెకు వండిపెట్టడం దాకా వచ్చింది. ఇల్లు అమ్మమని ఆమెను ఒప్పించడానికి అతను అదంతా చేయలేదు, ఆమె అమ్మనూ లేదు. 2008లో ఆమె చనిపోయాక చూస్తే వీలునామాలో ఇల్లు అతని పేరనే ఉంది. పక్క భవనం ప్లాన్‌లో అప్పటికి ఆ స్థలానికి చోటు లేదు. 2009లో అతను దానిని 3,10,000 డాలర్లకు వేరెవరికో అమ్ముకున్నాడు.